తలనొప్పికి నడక మందు.. మానకుండా సాగడమే కిటుకు!

* ఆరంభ శూరత్వానికి అడ్డుకట్ట వేసే చిన్న ఏర్పాట్లు
* నొప్పి వచ్చిన రోజుకూ ముందే ఒక పథకం ఉండాలి

నల్గొండ, మహబూబ్‌నగర్: తెల్లవారకముందే నల్గొండలోని నాగార్జున ప్రభుత్వ కళాశాల మైదానం, మహబూబ్‌నగర్‌లోని స్టేడియం మైదానం నడిచేవారితో సందడిగా ఉంటాయి. కొత్త సంవత్సరం మొదట్లోనో, వైద్య పరీక్షల ఫలితాలు చేతికందిన వారంలోనో కొత్త ముఖాలు కనిపిస్తాయి. నెల తిరిగేసరికి వాటిలో కొన్ని మాయమవుతాయి. ‘ఆరంభ శూరత్వం’ అని తోటివారు నవ్వుకుంటారు. అయితే ఇలా మానేసేవారిలో తరచూ తలనొప్పితో బాధపడేవారి సంగతి వేరు. వారిని మైదానం నుంచి ఇంటికి పంపేది చాలాసార్లు బద్ధకం కాదు.. నొప్పి, నొప్పి వస్తుందన్న భయం. నడక, సైకిల్ తొక్కడం, ఈత వంటి వ్యాయామాలు తలనొప్పిని తగ్గిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. వాటిని మధ్యలో వదలకుండా కొనసాగించడానికి మనస్తత్వ శాస్త్రం కొన్ని సులువైన మార్గాలు చూపింది. పైసా ఖర్చు లేని ఈ మార్గాలు పల్లెకైనా పట్నానికైనా పనికొచ్చేవే.

నొప్పే నేర్పే భయం

మైగ్రేన్‌గా పిలిచే పార్శ్వపు తలనొప్పిని గుర్తించేందుకు వైద్యులు పాటించే అంతర్జాతీయ ప్రమాణాల్లో ఒక లక్షణం ప్రత్యేకమైనది. నడవడం, మెట్లెక్కడం వంటి మామూలు పనులకే నొప్పి పెరగడం, అందువల్ల రోగి ఆ పనులకు దూరంగా ఉండటం. అంటే కదలకుండా ఉండమని ఈ వ్యాధే రోగికి నేర్పుతుంది. ఒకసారి వేగంగా నడిచిన రోజున నొప్పి వస్తే చాలు, నడకే కారణమని మనసులో ముద్ర పడుతుంది. నిజానికి ఆ నొప్పికి ముందురోజు నిద్ర తక్కువ కావడమో, ఖాళీ కడుపుతో ఎండలో తిరగడమో కారణమై ఉండవచ్చు. కానీ కంటికి కనిపించేది నడకే కాబట్టి నింద దానిపై పడుతుంది. మర్నాడు అడుగు బయట పెట్టాలంటే జంకు. వారం గడిస్తే చెప్పులు మూలన పడతాయి.

నుదుటికి అమృతాంజనం రాసి, కొంగు బిగించి కట్టుకుని పనిలో పడటం తరతరాలుగా మన ఇళ్లలో చూస్తున్నదే. తలనొప్పి ఒక జబ్బేమిటన్న చిన్నచూపూ ఉంది. లెక్కలు మాత్రం మరోలా ఉన్నాయి. పొరుగున ఉన్న కర్ణాటకలో, బెంగళూరు నగరంతోపాటు చుట్టుపక్కల పల్లెల్లో 18 నుంచి 65 ఏళ్ల వయసున్న 2,329 మందిని ఇంటింటికీ వెళ్లి పరిశీలించిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. ఏడాది కాలంలో ప్రతి నలుగురిలో ఒకరు మైగ్రేన్ బారిన పడినట్లు అందులో తేలింది. పురుషుల కన్నా స్త్రీలలో, పట్టణవాసుల కన్నా గ్రామీణుల్లో ఇది ఎక్కువగా కనిపించింది. సాగు, కూలి పనులే ఆధారమైన పాలమూరు, నల్గొండ పల్లెలకు ఇది దూరపు ముచ్చట కాదు.

మాత్రకు సాటిగా వ్యాయామం

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 91 మంది మైగ్రేన్ రోగులపై చేసిన అధ్యయన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. రోగులను మూడు బృందాలు చేశారు. ఒక బృందం వారానికి 3 సార్లు, ప్రతిసారీ 40 నిమిషాలు వ్యాయామం చేసింది. రెండో బృందం శరీరాన్ని, మనసును సడలించే పద్ధతులు నేర్చుకుంది. మూడో బృందం మైగ్రేన్ రాకుండా వాడే టోపిరమేట్ మాత్రలు వేసుకుంది. మూడు నెలల తర్వాత మూడు బృందాల్లోనూ నొప్పి రావడం నెలకు దాదాపు ఒకసారి చొప్పున తగ్గింది. బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. దుష్ప్రభావాలు మాత్రం మాత్రలు వాడినవారిలోనే నమోదయ్యాయి.

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం జరిగింది. యోగా నడకలాంటి వ్యాయామం కాకపోయినా, క్రమం తప్పకుండా చేయాల్సిన సాధనే. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 160 మంది మైగ్రేన్ రోగులను రెండు బృందాలుగా చేసి, ఒకరికి మందులు మాత్రమే, మరొకరికి మందులతోపాటు యోగా సూచించారు. 2020లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం యోగా చేసినవారికే ఎక్కువ ఉపశమనం లభించింది. ఇక్కడ గమనించాల్సిన అంకె మరొకటి ఉంది. 160 మందిలో అధ్యయనం చివరి వరకు నిలిచినవారు 114 మందే. పెద్దాసుపత్రి వైద్యుల పర్యవేక్షణలోనే నలుగురిలో ఒకరికి పైగా మధ్యలో తప్పుకొన్నారంటే, ఇంటి దగ్గర ఒంటరిగా మొదలుపెట్టినవారి పరిస్థితి ఊహించవచ్చు. వ్యాయామం పనిచేస్తుందా అన్నదాని కన్నా, దాన్ని నిలబెట్టుకోవడమెలా అన్నదే అసలు ప్రశ్న.

పట్టుదల కన్నా ఏర్పాటు మిన్న

‘రేపటి నుంచి తప్పకుండా నడుస్తాను’ అన్న నిర్ణయం మంచిదే కానీ, దానికి చోటు, సమయం ఉండవు. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో దీనికి విరుగుడు వివరించారు. ‘ఫలానా సందర్భం వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసుకోవడమే ఆ విరుగుడు. బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనం 2002లో దీని బలాన్ని చాటింది. వ్యాయామం వల్ల లాభాలు చదివించిన బృందంలో 35 శాతం మందే ఆ వారం వ్యాయామం చేశారు. ఏమీ చెప్పని బృందంలో అది 38 శాతం. అంటే ఉపదేశం వల్ల ఒరిగింది శూన్యం. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ చేస్తారో కాగితంపై రాయించిన బృందంలో మాత్రం 91 శాతం మంది చేసి చూపారు.

ఇంటి పనుల మధ్యే ఈ ముడులు వేసుకోవచ్చు. ‘పాలకేంద్రంలో పాలు పోయగానే చెరువుకట్ట మీద ఆ చివరి వరకు నడిచి వస్తాను’, ‘పిల్లలను బడి బస్సు ఎక్కించగానే ఇంటికి రాకుండా అటునుంచి అటే నడకకు వెళ్తాను’, ‘కార్యాలయం నుంచి వచ్చేటప్పుడు ఒక స్టాపు ముందే బస్సు దిగుతాను’ అన్నవి ఇందుకు ఉదాహరణలు. రోజూ ఎలాగూ జరిగే పనికి నడకను ముడివేస్తే ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు. రాత్రే చెప్పులు, నీళ్ల సీసా గుమ్మం దగ్గర పెట్టుకోవడం కూడా ఇందులో భాగమే.

నొప్పి రోజుకూ పథకం

తలనొప్పి ఉన్నవారికి ఒక్క ముడి చాలదు, రెండోది కూడా కావాలి. నొప్పి రావడం ఖాయం కాబట్టి, వచ్చిన రోజు ఏం చేయాలో నొప్పి లేని రోజునే తేల్చుకోవాలి. ‘కళ్ల ముందు మెరుపులు కనిపించినా, కణతలు అదిరినా ఆ రోజు నడక ఆపేస్తాను. వైద్యులు చెప్పిన మందు వేసుకుని చీకటి గదిలో పడుకుంటాను. నొప్పి తగ్గిన మర్నాడు పది నిమిషాలే నడుస్తాను’ అని రాసుకుంటే ఆగిన రోజు ఓడిపోయిన రోజు కాదు. అదీ పథకంలో ఒక భాగమే అవుతుంది. మళ్లీ మొదలుపెట్టే రోజున పాత వేగాన్ని అందుకోవాలన్న తొందర పనికిరాదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి వెలువరించిన అధ్యయనం కూడా ఇదే ధైర్యాన్నిస్తోంది. కొత్త పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోగా, మరికొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్దగా నష్టం కలగలేదు. ‘ఒక్కరోజు మానేశాను, ఇక అంతా పోయింది’ అన్న ఆలోచనే ఆ ఒక్కరోజు కన్నా ఎక్కువ చేటు చేస్తుంది.

పది నిమిషాలతో శ్రీకారం

మొదటి రోజే గంట నడిచి, సాయంత్రానికి తల పట్టుకుని కూర్చోవడం పరిపాటి. అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ఉపన్యాసాల వల్ల కన్నా చిన్న విజయాల వల్లే ఎక్కువగా బలపడుతుంది. అందుకే లక్ష్యం నవ్వొచ్చేంత చిన్నదిగా ఉండాలి. తొలి రెండు వారాలు వారానికి మూడు రోజులు, రోజుకు 10 నిమిషాలు చాలు. ఆపై వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే ఎనిమిదో వారానికి 40 నిమిషాలకు చేరుకోవచ్చు. నొప్పి ఎక్కువగా వచ్చిన వారంలో పెంచకుండా ఉన్నచోటే నిలవాలి.

వేగానికి కొలమానం మాటే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మైగ్రేన్ రాకుండా ప్రొప్రనలాల్ మాత్రలు వాడేవారికి గుండె వేగం పెద్దగా పెరగదు. వారు నాడి లెక్కను నమ్ముకుని వేగం పెంచడం సరికాదు. ఈ మాటల కొలమానమే వారికి క్షేమం. మొదట నెమ్మదిగా నడిచి ఒళ్లు వేడెక్కనివ్వడం, చివర మళ్లీ నెమ్మదించడం తప్పనిసరి. ఒక్కసారిగా పరుగందుకోవడమే చాలామందిలో తలపోటు రేపుతుంది.

డైరీ చెప్పే నిజం

పాత నోటు పుస్తకంలో రోజుకు ఒక గీత చాలు. నడిచారా, ఎన్ని నిమిషాలు, నొప్పి వచ్చిందా, నిద్ర ఎన్ని గంటలు, భోజనం వేళకు జరిగిందా, మాత్ర వేసుకున్నారా అన్నవి రాసుకోవాలి. నెల తర్వాత తిరగేస్తే నొప్పి నిజంగా నడిచిన రోజునే వస్తోందా, నిద్ర చాలని రోజునా అన్నది తేలిపోతుంది. భయానికి మందు ఈ లెక్కే. వ్యాయామ ఫలితం రెండు మూడు రోజుల్లో కనిపించదు. కనీసం మూడు నెలలు వేచి చూడాలి. అప్పటి వరకు ‘నొప్పి తగ్గిందా’ అని కాకుండా ‘ఈ వారం మూడు రోజులు నడిచానా’ అని చూసుకోవాలి. నొప్పి మన చేతిలో లేదు, నడక మన చేతిలో ఉంది.

డైరీతో మరో మేలూ ఉంది. మామూలు నొప్పి మాత్రలను నెలలో 15 రోజులు, కొన్ని రకాల మందులు కలిపిన మాత్రలను లేదా ట్రిప్టాన్ రకం మందులను 10 రోజులు, అంతకుమించి మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావచ్చు. మందుల దుకాణంలో అడిగి మింగే మాత్రల లెక్క చాలామందికి గుర్తుండదు. పుస్తకంలోని గీతలు వైద్యులకు ఆ లెక్క చెబుతాయి.

తోడుంటే తప్పదు

ఒంటరిగా ఉంటే దుప్పటి లాగుతుంది, గుమ్మం దగ్గర తోడు నిలబడితే లేవక తప్పదు. పల్లెల్లో మహిళా సంఘాల సభ్యులు నలుగురైదుగురు జట్టుగా నడవడం సులువు. చీకటిలో ఒంటరిగా రోడ్డెక్కడానికి జంకే మహిళలకు ఇది భద్రత కూడా. రాష్ట్రంలో 2020 నుంచి ఊరూరా ఏర్పాటు చేసిన పల్లె ప్రకృతి వనాలు, 2022లో మొదలైన క్రీడా ప్రాంగణాలు నిర్వహణ బాగున్నచోట ఇందుకు అనువైనవి. అయితే జట్టులోని వారికి ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. నొప్పి వచ్చిన రోజున బలవంతం చేయవద్దు, తగ్గిన మర్నాడు మాత్రం వచ్చి పిలవాలి. నాలుగు వారాలు పూర్తయితే కొత్త చెప్పులో, కోరుకున్న చీరో కొనుక్కోవడం వంటి చిన్న బహుమతి ఉత్సాహాన్ని నిలుపుతుంది.

తమవల్ల కాదనుకునే మహిళలు బతుకమ్మ పండుగను గుర్తుచేసుకోవాలి. ఎంగిలిపూల నుంచి సద్దుల వరకు తొమ్మిది రోజులు వలయంగా తిరుగుతూ, వంగి లేస్తూ, చప్పట్లు చరుస్తూ ఆడటం లయబద్ధమైన వ్యాయామమే. తోడు, పాట, నిర్ణీత వేళ, నిర్ణీత చోటు.. అలవాటు నిలవడానికి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. పండుగ ముగిసిన మర్నాటి నుంచి అదే వేళకు, అదే జట్టుతో నడక మొదలుపెడితే సగం పని పూర్తయినట్లే. పండుగ రోజుల్లో ఒక్కపొద్దులు, రాత్రి మేల్కొనడం నొప్పిని రేపవచ్చు కాబట్టి భోజనం, నిద్ర వేళల విషయంలో జాగ్రత్త అవసరం.

ఎండ, నీరు, ఎముకలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది మనవాళ్ల అనుభవం. ఎండే చాలామందికి మైగ్రేన్ రేపే ప్రధాన కారణం. వేసవిలో సూర్యోదయానికి ముందే నడక ముగించాలి. కుదరనివారు ఇంటి వసారాలోనో, డాబా నీడలోనో అటూ ఇటూ నడిచినా సరిపోతుంది. ‘బయట ఎండ ముదిరితే లోపలే నడుస్తాను’ అన్నది వేసవికి వేసుకోవాల్సిన ముడి. టోపిరమేట్ మాత్రలు వాడేవారిలో కొందరికి చెమట పట్టడం తగ్గి ఒంట్లో వేడి పెరిగే ప్రమాదముంది. అలాంటివారు ఎండలో వ్యాయామం చేయకూడదు. నడకకు ముందు నీళ్లు తాగి, అరటిపండో రెండు బిస్కెట్లో తినాలి. ఖాళీ కడుపు నొప్పికి ఆహ్వానం.

నడిచి వచ్చాక చేసే తలస్నానంపైనా ఓ కన్నేయాలి. తలస్నానం వల్ల మైగ్రేన్ వస్తున్న 94 మంది భారతీయ రోగుల వివరాలను ముంబయి వైద్య నిపుణులు డాక్టర్ కె.రవిశంకర్ 2006లో వైద్య పత్రికలో ప్రచురించారు. నడకకు వెళ్లిన రోజే తలంటుకుంటే, వచ్చిన నొప్పికి కారణం ఏదో తెలియదు. అలాంటివారు తలస్నానాన్ని నడక లేని రోజుకు మార్చుకోవడం మేలు.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీటితో కీళ్లు, వెన్ను బిగుసుకుపోయినవారికి వేగంగా నడవడం కష్టం. ఇంటింటికీ నదీజలాలు వచ్చి పరిస్థితి మెరుగుపడినా పాతతరం బాధ పోలేదు. వారు వైద్యులను అడిగి, కూర్చుని చేతులు ఆడించే వ్యాయామాలో, వీలైతే కదలని సైకిల్ తొక్కడమో ఎంచుకోవాలి. గుంట మగ్గంపై మెడ వంచి గంటల తరబడి పనిచేసే పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట నేతన్నలకు మెడ పట్టేసి, తల చుట్టూ బిగించినట్లుండే ఒత్తిడి తలనొప్పి రావచ్చు. మగ్గం దిగిన ప్రతిసారీ మెడ, భుజాలు సడలించి నాలుగడుగులు వేయడం వారికి తొలిమెట్టు.

రోజంతా పొలంలో పనిచేసే కూలీలకు మళ్లీ నడక ఎందుకన్న ప్రశ్న సహజం. అది న్యాయమైనదే. పత్తిచేలో వంగి చేసే పని శ్రమే అయినా, దాని వేగం, వేళ, ఎండ ఏవీ కూలీ చేతిలో ఉండవు. అలసిన శరీరంతో అదనంగా నడవాలన్న నియమం వారికి అక్కర్లేదు. వేళకు తిండి, సరిపడా నీళ్లు, తలపై నీడ, కంటినిండా నిద్ర వారికి ముందు కావాల్సినవి. పనులు లేని నెలల్లో నడక మొదలుపెట్టవచ్చు.

వెంటనే వైద్యం అవసరమయ్యే వేళలు

వ్యాయామం మందులకు తోడే కానీ ప్రత్యామ్నాయం కాదు. వైద్యులను అడగకుండా వాడుతున్న మాత్రలు ఆపకూడదు. కింది లక్షణాలు ఉంటే నడకను పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి.

* పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చిన తీవ్రమైన తలనొప్పి
* వ్యాయామం చేస్తుండగా, దగ్గినప్పుడు, ముక్కినప్పుడు మొదటిసారిగా వచ్చిన నొప్పి
* జ్వరం, మెడ బిగుసుకుపోవడం, మూర్ఛ
* మాట తడబడటం, కాలూచేయీ పడిపోవడం, చూపు పోవడం
* తలకు దెబ్బ తగిలిన తర్వాత మొదలైన నొప్పి
* 50 ఏళ్లు దాటాక లేదా గర్భిణులు, బాలింతల్లో కొత్తగా మొదలైన నొప్పి

గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు మొదలుపెట్టే ముందే సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయించుకోవాలి. నొప్పి తరచూ వేధిస్తుంటే నల్గొండ, మహబూబ్‌నగర్‌లలోని ప్రభుత్వ వైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రులను సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు నెల రోజుల డైరీ వెంట తీసుకెళ్తే వైద్యుల పని సగం తేలికవుతుంది.

ఈ రాత్రికి చేయాల్సింది ఒక్కటే. ఒక కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాయాలి. రేపు ఏ పని కాగానే, ఎక్కడ, పది నిమిషాలు నడుస్తారన్నది మొదటిది. నొప్పి వస్తే ఏం చేసి, తిరిగి ఏ రోజు మొదలుపెడతారన్నది రెండోది. మైదానంలో కొత్త ముఖం పాత ముఖంగా మారేది మొదటి వాక్యం వల్ల కాదు, రెండో వాక్యం వల్లే.